సారలో నానిన ఇప్పకొమ్మ

ఆదిలాబాద్ అడవిలో ఎటు తిరిగినా ఇప్పచెట్టే. జానకీబాయి వృక్షశాస్త్రం చెప్పే కాలేజీ బీరువాలో మాత్రం ఒక్క ఇప్పకొమ్మ లేదు. టేకు, మోదుగ, మద్ది అన్నీ ఉన్నాయి. ఒక్కో కొమ్మనూ నొక్కి ఎండబెట్టి, అట్టకు కుట్టి, ఎక్కడ ఎప్పుడు ఎలా సేకరించారో చీటీ రాసి అంటించారు. ఇప్ప దగ్గరే అందరూ చేతులెత్తేశారు. రసం నిండిన ఆ పువ్వు ఎండదు, కుళ్లుతుంది. మన అడవి చెట్టుకు మన బీరువాలోనే చోటు లేదంటే జానకీబాయికి కడుపు రగిలిపోయేది.

రెండు ఎండాకాలాలు ప్రయత్నించింది. ఒకసారి బూజు పట్టింది. ఇంకోసారి గదంతా సారబట్టీ వాసన కొట్టింది. వదిలెయ్యమ్మా అన్నాడు శాఖ పెద్ద శ్రీధర్‌రావు. పట్టిన పట్టు వదిలితే ఆమె జానకీబాయి ఎందుకవుతుంది?

పువ్వు దారిలోనే చెడుతోందని ఆమె గ్రహించింది. చెట్టు కిందే కాగితాల్లో చుట్టి, స్పిరిట్‌తో తడిపి, గాలి తగలకుండా కట్టేయాలి. 1978 ఎండాకాలంలో ఆ ఏర్పాటుతోనే ఉట్నూరు వైపు వెళ్లింది. తీరా బస్సు కుదుపులకు స్పిరిట్ సీసా కాస్తా పగిలింది. చెట్టు నిండా పువ్వుంది, వారం ఆగితే ఉండదు. పూలేరుకునే దేవవ్వ ఇంట్లో ఘాటైన ఇప్పసార ఉందని తెలిసి, సిగ్గు పక్కన పెట్టి అడిగేసింది.

"దూపైతుందా దొరసానీ?" అని, తాగడానికే అనుకుని దేవవ్వ పడీపడీ నవ్వి, సీసా తెచ్చిచ్చింది.

తిరుగు బస్సును ఆబ్కారీ జవాను ఆపాడు. వాసన జానకీబాయి ఒళ్లోని కొమ్మ కట్టనే పట్టిచ్చింది. విప్పమన్నాడు.

"సారనే పోసిన. పువ్వు చెడొద్దని పోసిన. కేసు రాసుకో, కట్ట మాత్రం విప్ప," అంది జానకీబాయి. ఎవరిచ్చారంటే దేవవ్వ పేరు చెప్పలేదు. బస్సులో అందరూ చూస్తుండగా జవాను ఆమె పేరు, కాలేజీ పేరు రాసుకున్నాడు. కట్టకు గాలి తగలలేదు, అదే చాలనుకుంది.

కొమ్మ చక్కగా ఎండింది. పువ్వు తొడిమె నుంచి రాలలేదు. పేరు మాత్రం ఊరంతా పాకింది. పిల్లలు చాటుగా సార మేడం అన్నారు. మేనమామ ఇంటికొచ్చి తలకొట్టేసినట్టుందన్నాడు. జానకీబాయికి ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. ఆ తర్వాత అట్టకు కొమ్మను కుట్టుకుంటూ కూర్చుంది.

శ్రీధర్‌రావు మంచివాడు. చీటీలో సార అని కాకుండా స్పిరిట్ అని రాయమన్నాడు. కాలేజీ స్పిరిటేనని తాను సంతకం పెడతానన్నాడు, కేసు అక్కడితో వీగిపోతుంది. ఒక్క మాటతో పరువు నిలుస్తుంది.

ఆమెకు ఆశ పుట్టలేదంటే అబద్ధం. కలం చేతిలో పట్టుకుని పువ్వును చూసింది. సార పట్టి దానికి స్పిరిట్‌తో రాని రంగు వచ్చింది.

"సార్, రేపెవరన్న చూసి గీ రంగు చెట్టుదే అనుకుంటరు," అంది. "నా పేరు ఖరాబైతే నాతోనే పోతది. చీటీల అబద్ధం రాస్తే నేను పోయినంక గూడ ఉంటది."

ఇప్పసారలో తడిపినది అని రాసి, కింద తన పేరు పూర్తిగా రాసి, చీటీని అట్టకు అంటించింది.