గిన్నె పట్టుకుని వచ్చే పెద్దమ్మ

ఆ ఉదయం డాబా మీద తీగకు పెద్దమ్మ యూనిఫాం ఒక్కటే వేలాడుతోంది. రెండు రోజుల దుమ్ముకు తెలుపు మాసిపోయింది. దాన్ని తీసి మడతపెడుతుండగా రెండు రోజుల క్రితం ఆవిణ్ణి చేర్చిన సల్మానియా ఆస్పత్రి నుంచి కబురు వచ్చింది. ఆవిడ పోయారు, ఇన్నేళ్ళూ తాను నేల తుడిచిన ఆస్పత్రిలోనే.

ఆవిడ మాకు చుట్టం కాదు. కువైట్ యుద్ధం ముగిసిన ఏడాది మేము గల్ఫ్‌లోని ఈ ఉమ్మ్ అల్ హస్సామ్ పేటకు వచ్చేసరికి ఎదురు వాటాలో ఉన్నారు. కాకినాడ వైపు మనిషి.

మా నాన్న అమ్మను కొట్టేవారు. ఈ ఒక్క వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది. మా భవనంలో తెలుగువాళ్ళందరికీ తెలుసు. "మొగుడూ పెళ్ళాల గొడవ, మనకెందుకు?" అనేవారు. గొడవ వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, చెవిన పడితే వీసా పోతుందని భయం. నేను కాన్వెంటు సిస్టర్లు ఇచ్చిన పుస్తకం తెరిచి, ఒకే పేజీ చూస్తూ కూర్చునేదాన్ని.

అప్పుడు పెద్దమ్మ తలుపు తట్టేవారు. చేతిలో చిన్న గిన్నె.

"చెల్లీ, తోడుకి రవ్వంత పెరుగుందా?"

వారానికి రెండుసార్లు పెరుగు అడిగే మనిషి ఇల్లెలా నడుపుతుందోనని మొదట్లో నవ్వుకునేదాన్ని. ఆ చప్పుడుకు నాన్న చెయ్యి దించుతారని పదిహేనేళ్ళు వచ్చాకే గమనించాను.

ఒకరోజు దీపాలు పెట్టే వేళ నాన్నే తలుపు తీశారు.

"దీపం పెట్టాక పెరుగివ్వకూడదు, అక్కగారూ."

"నిజమే తమ్ముడూ. అయితే కూర్చుంటాను. మంచినీళ్ళివ్వకూడదని లేదుగా?"

రెండు గంటలు కూర్చున్నారు. తన మోకాలి నొప్పి గురించీ, వార్డులో దొంగతనంగా ఊరగాయ తినే రోగి గురించీ చెప్పారు. పరాయి మనిషి ముందు గొంతు పెంచడం నాన్నకు నామోషీ. తలూపుతూ ఉండిపోయారు.

అమ్మ మాత్రం ఆయన్నే వెనకేసుకొచ్చేది. "డ్యూటీలో విసుగక్కా. మనసు మంచిదే."

"డ్యూటీ నేనూ చేస్తున్నానే. ఎవర్నైనా కొట్టానా?"

అమ్మ నవ్వబోయి పెదవి పట్టుకుంది. అది చిట్లి ఉంది.

ఈ వేసవి మొదట్లో ఒక శుక్రవారం ఆవిడ ఉత్త చేతులతో వచ్చారు. గుమ్మంలో నిలబడి నాన్నతో మామూలు గొంతుతోనే అన్నారు.

"ఇవాళ పెరుక్కి రాలేదు తమ్ముడూ. చెల్లి కోసం వచ్చాను. నీ కఫీల్‌కి చెప్పుకుంటావో, నా కఫీల్‌కి చెప్పుకుంటావో నీ ఇష్టం."

అమ్మ కదలలేదు. ఆవిడ అక్కడే నిలబడ్డారు, బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకుంటూ, అమ్మ చెప్పులు వేసుకునేదాకా.

ఇది ఆవిడ గదిలో కూర్చుని రాస్తున్నాను. నాలుగు నెలలుగా అమ్మా నేనూ ఇక్కడే ఉంటున్నాం.