పూడిక తీసిన కాళ్లు

కంకిపాడు అవతల ఒక ఊరి మంచినీళ్ల చెరువులో పూడిక సగం శౌరమ్మ నెత్తిమీదుగానే గట్టెక్కింది. డెబ్బై రెండు వేసవిలో చెరువు అడుగంటితే, మోకాలిలోతు బురదలో దిగి నెల్లాళ్లు తట్టలు మోసింది. ఆ నెలంతా ఆమె కాళ్లకి ఏ అంటూ లేదు. కాలవ వదిలి చెరువు నిండిందో లేదో, అంటు ఎక్కణ్నుంచి ఊడిపడిందో మరి! జ్ఞానస్నానం పుచ్చుకుని మూడు తరాలైనా సరే, ఊరవతలి పేటవాళ్లు గట్టుమీదే నిలబడాలి. ఊళ్లోవాళ్లు దయతలిచి బిందెలో ఒంపితే తెచ్చుకోవాలి. దయట, దయ!

మరుసటేడు వేసవికి కాలవ కట్టేశారు. పేట బావిలో ఉప్పునీళ్లు, పైగా పురుగులు. అవి తాగబట్టే శౌరమ్మ కూతురు అమలమ్మకి పొద్దున్నుంచీ వాంతులు, విరేచనాలు.

"మంచినీళ్లు కాచి పడుతూనే ఉండు. ఒళ్లెండితే పిల్ల దక్కదు" అన్నాడు కాంపౌండరు.

శౌరమ్మ పరుగున వెళ్లి గట్టుమీద నిలబడింది. ఊళ్లో ఉండే బుల్లెమ్మ నీళ్లు ముంచుకుని మెట్లెక్కుతోంది.

"ఒక్క బిందె ఒంపండమ్మా, పిల్ల పోయేట్టుంది!"

"చేతులు ఖాళీ లేవే. ఉండు, ఎవరో ఒకరొస్తార్లే."

తర్వాత వచ్చినావిడ విననట్టే పోయింది. ఎండ నడినెత్తికొచ్చింది. ఇంట్లో కూతురు గుక్కెడు నీళ్లకి అలమటిస్తుంటే ఇక్కడ ఈ బిచ్చమేమిటని శౌరమ్మకి ఒళ్లు మండిపోయింది. కుచ్చెళ్లు ఎగదోపి, గబగబా మెట్లు దిగి బిందె ముంచేసింది.

ఊరు గగ్గోలెత్తిపోయింది. చెరువు పెత్తనం చేసే రామకోటేశ్వరరావు రొప్పుకుంటూ వచ్చాడు.

"ఎంత పొగరే నీకు! చెరువంతా మైలపడింది. నీళ్లన్నీ తోడించి పారబోయించాలి!"

"తోడించండి. ఎవరు దిగుతారండీ తోడ్డానికి? మీరా? మమ్మల్నేగా పిలిచేది! పోయినేడు ఈ కాళ్లతోనే మీ బురద తొక్కాను, అప్పుడేమైందండీ మీ మైల? తోడేశాక కాలవొచ్చేదాకా ఏం తాగుతారో అదీ చెప్పండి!"

శౌరమ్మ బిందె చంకనెత్తుకుని ఆయన పక్కనుంచే నడిచిపోయింది.

పొద్దు వాలేసరికి అమలమ్మ కడుపులో నీళ్లు నిలిచాయి. "ఇంకో గ్లాసియ్యవే అమ్మా" అంది. శౌరమ్మ మళ్లీ చెరువుకెళ్లింది. అక్కడ బుల్లెమ్మ అటూ ఇటూ చూసి, ఆ మైల నీళ్లలోనే బిందె ముంచుకుంటోంది. శౌరమ్మ గట్టుమీద ఆగలేదు. నేరుగా ఆ మెట్టు మీదికే దిగింది.

"కాస్త జరగండమ్మా" అంది.