ఆదాం స్వెట్టర్

చుట్టుపక్కల ఊళ్ళలో మాజీ సైనికుడెవరు పోయినా ముందు కబురు వెళ్ళేది ఆదాంకే. తనూ మాజీ సైనికుడే. మిరప కళ్లంలోంచి ఉన్నపళంగా ఇంటికొచ్చి, ఘాటు పోయేదాకా చేతులు కడుక్కుని, కొత్త జెండాకి ఇస్త్రీ చేస్తాడు. ఎంత ఎండలోనైనా ముదురాకుపచ్చ స్వెట్టర్ తొడుక్కుంటాడు. నవ్వేవాళ్ళు నవ్వుతారు. తన యూనిఫాంలో మిగిలింది అదొక్కటే. శవం మీద జెండా కప్పేదీ, చితి దగ్గరైనా గోరీ దగ్గరైనా ఆఖర్న తీసేదీ అతనే. జెండా కాలకూడదు, మట్టిలో కలవకూడదు. తీసేటప్పుడు మాత్రం ఎవరి మొహమూ చూడడు.

మొన్న బుల్లయ్య పోయాడు. ఇద్దరూ ఒకే బంకర్లో మంచుకి వణికినవాళ్ళు. చితి మీద ఆదాం జెండా తీయబోతుంటే, ఆడవాళ్ళు రాకూడదన్నా వినకుండా వచ్చిన బుల్లయ్య భార్య రాఘవమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "ఉండనీ అన్నయ్యా. ఆ మంచులోంచి వచ్చిన కాణ్ణించీ ఆయనకి చలెక్కువ. ఎండాకాలంలో కూడా దుప్పటి లేందే పడుకోడు."

"ఉంచకూడదు చెల్లెమ్మా," అన్నాడు ఆదాం. జెండా మడిచి ఆమె చేతుల్లో పెట్టాడు. తర్వాత తన స్వెట్టర్ విప్పి బుల్లయ్యకి మెడదాకా కప్పి, అంచులు ఒంటి కిందికి దోపాడు, బంకర్లో కప్పినట్టే. వెనక్కి జరిగి సెల్యూట్ చేశాడు. ఆ మండుటెండలో అతనొక్కడే వణుకుతున్నాడు.