శుద్ధి చేసిన టీకా

ధాత కరువు గడిచిన మరుసటేడు, ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా ఊరూరా తిరిగి మశూచి టీకాలు వేసే ఉద్యోగం శీనయ్యది. దూరాన ఆయన గొడుగు కనబడితే చాలు, తల్లులు పిల్లల్ని గాదెల్లో దాచేవాళ్లు. కరువు పుణ్యమా అని గాదెలన్నీ ఖాళీయే, చోటుకు లోటు లేదు.

ఆయన వేసే టీకా మందు సీసాల్లో వచ్చేది కాదు. ఒక బిడ్డ చేతికి వేస్తే ఎనిమిదో నాటికి పొక్కు లేచి అందులో రసం ఊరేది. ఆ రసాన్నే ఇంకో బిడ్డకు ఎక్కించాలి. రోజు దాటిందా, రసం ఎండిపోయి పడ్డ పాటంతా బూడిదలో పోసిన పన్నీరే.

చేజర్లలో అమ్మవారు పోసిందని కబురు వచ్చిన రోజుకు శీనయ్యకు మిగిలింది ఒక్కటే పండిన పొక్కు. అది చేజర్ల పక్క ఊరి మాలవాడలో రెబెకమ్మ కూతురి చేతిమీద ఉంది. కొత్తగా కిరస్తానంలో కలిసిన రెబెకమ్మ నిరుడు ఒక బిడ్డను అమ్మవారికి పోగొట్టుకుంది. ఆమెకు సూదికంటే అమ్మవారంటేనే భయం. పొద్దున్నే ఆమె చంటివాడికి ఆ రసం కొంచెం వేసి, తల్లినీ కూతురినీ వెంటబెట్టుకుని శీనయ్య ఊళ్లోకి, మునసబు మాలకొండయ్య ఇంటికి వెళ్లాడు. మునసబు మనవళ్లిద్దరికీ వేస్తే ఊరంతా వేయించుకుంటుందని ఆయన ఆశ.

"ఏంది శీనయ్యా, ఆ పిల్ల వంట్లో రసం మా బిడ్డల వంట్లోకా? నీకు మతి ఉండాదా?" అన్నాడు మునసబు.

"రేపటికి ఎండిపోతాది అయ్యా. చేజర్ల ఎంతో దూరం లేదు," అని శీనయ్య బతిమాలాడు.

చివరికి మునసబు భార్య రామసుబ్బమ్మ ఉపాయం చెప్పింది. "శుద్ధి చేస్తే దోసం పోతాది."

వాడకు పోయి వచ్చినందుకు ముందు శీనయ్యకే శుద్ధి కావాలన్నారు. ఆయన దొడ్లో తలమీద నీళ్లు పోసుకుంటుండగా, వీధిలో ఆవు పంచితం, పసుపునీళ్లు సిద్ధమయ్యాయి. పిల్లను తాకకూడదు కదా, రామసుబ్బమ్మ అరుగుమీద నుంచే నాలుగు చెంబులు కుమ్మరించి, కొబ్బరిపీచుతో తల్లి చేతనే తోమించింది. మునసబు ఇంటి ఆజ్ఞాయె, రెబెకమ్మ గట్టిగానే తోమింది. శీనయ్య తడిగుడ్డలతో వచ్చేసరికి పిల్ల వెక్కివెక్కి ఏడుస్తోంది. పొక్కు ఉన్నచోట నెత్తురు కారుతోంది.

"ఇప్పుడు వెయ్యి," అన్నాడు మాలకొండయ్య తృప్తిగా.

శీనయ్య వంగి పిల్ల చెయ్యి చూశాడు, రసం చుక్క కూడా మిగల్లేదు. పన్నెండేళ్ల ఉద్యోగంలో అంత శుభ్రమైన చెయ్యి ఆయన చూడలేదు. "చంటోడి చెయ్యి పండినాక వస్తాను. ఎనిమిది రోజులు," అని మాత్రం చెప్పాడు.

అమ్మవారు అన్ని రోజులు ఆగలేదు. ఏడో నాటికి మునసబు పెద్ద మనవడు వేపాకుల పక్క మీద మూలుగుతున్నాడు.

ఎనిమిదో నాడు పొద్దు పొడిచేసరికి, పుట్టి బుద్ధెరిగిన కాడినుంచి వాడలో కాలు పెట్టని మాలకొండయ్య, చిన్న మనవణ్ణి ఎత్తుకొచ్చి రెబెకమ్మ గుడిసె ముందు నేలమీద కూర్చున్నాడు. శీనయ్య సూది తీశాడు. రెబెకమ్మ చంటివాణ్ణి చంకనేసుకుని బయటికి వచ్చింది. రెండో చేతిలో నీళ్లచెంబు, కొబ్బరిపీచు ఉన్నాయి. ఎగతాళికి కాదు, నిజంగానే భయపడి అడిగింది.

"ఈ తూరి ఎంతసేపు తోమమంటారు అయ్యా?"