చీపురు గీతలు

నేను వర్క్ ఇన్‌స్పెక్టరుగా రిటైరవడానికి ఇంకా ఆరు నెలలు ఉండగా, వానలు వెనకబట్టిన రోజుల్లో, నర్సీపట్నం నుంచి నాతవరం వైపు పోయే ఓ రోడ్డు వెడల్పు పనికి నన్ను ఫోటోల డ్యూటీ మీద వేశారు. వర్క్ ఇన్‌స్పెక్టరంటే పేరు గొప్పగానే ఉంటుంది. ఇంజనీర్లలో ఆఖరి మెట్టు మీద ఉండే ఏఈ గారికి కూడా కింద మెట్టు మాది. టేపు పట్టడం, కొలతలు రాయడం, పైవాళ్ళ చేత చీవాట్లు తినడం మా విధులు.

పని ఇదీ. కొత్త హద్దు లోపల పడే ప్రతి కట్టడానికీ నంబరు వేసి ఫోటో తీయాలి. ఆ నంబరునీ, చైనేజీనీ పలక మీద సుద్దతో రాయాలి. చైనేజీ అంటే రోడ్డు మొదలు నుంచి అక్కడికి ఎంత దూరమో చెప్పే అంకె. పలక పట్టుకుని యజమాని కట్టడం ముందు నిలబడాలి. యజమాని అక్కడ లేకపోతే పలకని గోడకి ఆనించి, మనుషులెవరూ పడకుండా తీయాలి. అందులో ఎవరైనా కాపురం ఉన్నారా, ఖాళీయా అన్నది ఆఫీసులో మరొకరు ఈ ఫోటోలు చూసే రాస్తారు. వాళ్ళు రోడ్డు మీదకి రారు.

ఫోటో అంటే మనవాళ్ళ సంగతి తెలిసిందే. టీకొట్టాయన గ్లాసులన్నీ కడిగి బోర్లించేదాకా తీయనివ్వలేదు. సైకిలు షాపాయన ఇంటికెళ్ళి ఇస్త్రీ చొక్కా తొడుక్కొచ్చి, పలకని గుండెకి హత్తుకుని పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. అవి తీయడం సరదాగానే ఉండేది. మిగతావే దిగులు పుట్టించేవి. తీగల కింద మునిగిపోయిన పంపు షెడ్డు, కప్పులోంచి రావి మొక్క లేచిన బస్సు షెల్టరు, తుమ్మలు కమ్మేసిన చెరకు కాటా. నా ఉద్యోగం కొత్తలో ఆ కాటా దగ్గర చెరకు బళ్ళు బారులు తీరి, రోడ్డు దాటాలంటే అరగంట పట్టేది. ఇప్పుడు పలక ఆనించడానికి కంప కొట్టుకుంటూ వెళ్ళాల్సి వచ్చింది.

మొదటి వారం ఫోటోలు చూసి ఏఈ గారు విసుక్కున్నారు. బట్టలు, బకెట్లు, మేకలు అడ్డొచ్చి గోడలే కనపడటం లేదన్నారు. ఆ మర్నాటి నుంచి ప్రతిచోటా నాది ఒకటే మాట అయింది, అడ్డున్న సామాను తీయండి అని.

అలా మూతబడ్డ ఓ బెల్లం షెడ్డు దగ్గరికి వచ్చాను. సగం కప్పు కూలింది, గోడల మీద దొండతీగ పాకింది. యజమాని ఊళ్ళో లేడు. లోపలి నుంచి ఓ పెద్దావిడ వచ్చింది. పేరు అప్పయ్యమ్మ. ఆవిడ భర్త అక్కడే బెల్లం వండేవాడట. ఆయన పోయాక, యజమాని సరేననడంతో, ఆ షెడ్డులోనే ఉంటోందట. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆవేళ నేను అడగలేదు. వసారాలో నులకమంచం, పొయ్యి, దండెం మీద చీర కనిపించాయి. నా పాట నేను పాడాను.

"ఫొటో తీత్తారా బాబూ? ఉండండి, బేగి సర్దేత్తాను," అంది.

మంచం వెనక్కి ఈడ్చింది. పొయ్యిరాళ్ళు గోడ చాటున పెట్టింది. దండెం విప్పేసింది. ఆఖరికి చీపురు తీసుకుని, తడి నేలని లోపలి నుంచి రోడ్డు దాకా వెనక్కి నడుస్తూ ఊడ్చి, వచ్చి నా వెనకాల నిలబడింది. పలక ఆవిడ ఊడవక ముందే గోడకి ఆనించి వచ్చాను కనక, రోడ్డు మీంచే ఫోటో తీశాను. ఇంత శుభ్రమైన ఫోటో ఈ మధ్య రాలేదని నాలో నేను మురిసిపోయాను కూడా.

రెండు నెలలకి గ్రామసభలో జాబితా చదివారు. కాపురం ఉన్నవాళ్ళకి ఇంటి స్థలం ఇస్తారు. అప్పయ్యమ్మ పేరు రాలేదు. ఆ నంబరుకి 'శిథిలం, ఖాళీ' అని ఉంది. ఆవిడ కేకలేమీ వేయలేదు. జనం మధ్యలోంచి నా దగ్గరికి వచ్చి, "నువ్వే గదా బాబూ సామానంతా తియ్యమన్నావు. ఇప్పుడు నానెక్కడికెల్తాను?" అంది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఆఫీసుకెళ్ళి కంప్యూటర్లో ఆ ఫోటో పెద్దది చేసి చూశాను. కూలిన కప్పు, తీగలు, పలక. నేల మీద మాత్రం ఒకదాని పక్కన ఒకటి వంపుగా చీపురు గీతలు. ఒక్క అడుగు ముద్ర కూడా లేదు. ఎవరూ లేని కొంపని ఎవరు ఊడుస్తారు? ఈ ప్రశ్న ఆ కాలమ్ నింపినవాళ్ళకి తట్టలేదు. తీసినవాణ్ణి, నాకూ తట్టలేదు.

ఏఈ గారికి చూపించాను. ఆయన చెడ్డవారు కారు. చీపురు గీతలు చూసి కాపురం ఉందని రాయలేమండీ అన్నారు. సామాను తీయించింది మీరేనని ఒక్క కాగితం రాసివ్వండి, ఫైలు నేను పైకి పంపుతాను అన్నారు. అప్పటికి నా పెన్షను కాగితాలు కదులుతున్నాయి. రాసిస్తే సంజాయిషీ అడుగుతారు, ఆ కాగితాలు ఆగిపోతాయని భయపడ్డాను. రేపిస్తానండీ అన్నాను. మర్నాడూ అదే మాట చెప్పాను. ఆయన మూడుసార్లు అడిగి ఊరుకున్నారు. అభ్యంతరాల గడువు దాటింది, జాబితా ఖాయమైంది.

షెడ్డు పడగొట్టిన రోజున నేను సెలవు పెట్టాను. అప్పయ్యమ్మ ఏటికొప్పాకలో చెల్లెలింటి వసారాలో ఉంటోందని తర్వాత టీకొట్టాయన చెప్పాడు. నా పెన్షను ఒక్క నెల కూడా ఆలస్యం కాలేదు.

ఈ ఉద్యోగంలోకి వచ్చే వాళ్ళు అడిగితే రెండు ముక్కలు చెబుతుంటాను. ఫోటోకి ముందు ఎవరినీ ఏమీ సర్దనివ్వకూడదు, ఉన్నది ఉన్నట్టు తీయాలి. ఒకవేళ సర్దిస్తే, సర్దించామని ఆ రోజే రికార్డులో రాసి సంతకం పెట్టాలి. ఆ రెండోది చేయడానికి నాకు మూడు రోజుల గడువు దొరికింది. చేయలేదు.