ఎనిమిదో నెంబరు జత

మా మేనమామ చనిపోయాడు. కోలారు ఆసుపత్రి నుంచి అత్త ఫోన్ చేసేసరికి నేను రాబర్ట్‌సన్‌పేటలో మా చెప్పులంగడి షట్టరు సగం ఎత్తి ఉన్నాను. "మీ మామ పోయినాడప్పా. నువ్వు రా" అంది, అంతే. షట్టరు మళ్ళీ కిందికి లాగిన చప్పుడికి పక్కంగడి బట్టలాయన ఉలిక్కిపడి బయటికొచ్చి చూశాడు. అంత కోపంగా లాగాను.

పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. పదిహేను రోజులుగా ప్రయత్నిస్తున్నాను, నావల్ల కావడం లేదు. నాకు కోపంగా ఉంది. కొంత ఊరి కమిటీ మీద, కొంత మామ మీద, మిగిలిందంతా నామీద. ఈ కోపం చల్లారాక రాద్దామంటే అది చల్లారేలా కూడా లేదు. కాబట్టి ఇలాగే రాస్తున్నాను, పెద్దలు మన్నించాలి.

మామ ఊరు బూదికోట. అక్కడి బస్టాండులో ఇప్పుడొక ఫ్లెక్సీ ఉంది. అందులో మామ సెల్యూట్ చేస్తున్నాడు. వెనకాల యుద్ధ ట్యాంకు, పైన రెండు విమానాలు, కింద 'వీరయోధుడికి జోహార్లు' అని అక్షరాలు. ఆ ట్యాంకు ఎక్కడినుంచి తెచ్చి అతికించారో అతికించినవాళ్ళకే తెలియాలి. మామ పద్దెనిమిదేళ్ళు సైన్యంలో ఉన్నమాట నిజం. కానీ ఆయన పని స్టోరులో. కొత్తగా చేరినవాళ్ళ పాదాలు చూసి, కొలిచి, బూట్లు ఇచ్చే పని. ఆ సంగతి ఆయన ఎప్పుడూ దాచలేదు. "నేను తుపాకి పట్టింది తక్కువప్పా, కాళ్ళు పట్టింది ఎక్కువ" అనేవాడు. జనం నవ్వితే తనూ నవ్వేవాడు. బతికుండగా ఎవరూ ఆయన్ని యుద్ధానికి పంపలేదు, చచ్చాక ఊరి కమిటీ పంపింది.

పాతికేళ్ళ కిందట, మా ఊరి బంగారు గనులు మూసేసిన కొత్తలో నేను అంగడి పెట్టాను. గనుల్లో పనిచేసినవాళ్ళ కొడుకులు పొద్దుటి రైలెక్కి బెంగళూరుకు సెక్యూరిటీ పనులకు పోతున్న రోజులవి. తర్వాత వేమగల్ వైపు ఫ్యాక్టరీలు వచ్చాయి, అక్కడి గేట్ల దగ్గరికీ మనుషులు కావాల్సి వచ్చారు. అందరికీ నల్ల బూట్లు కావాలి. 'మిలిటరీ బూట్లు చూపించు' అనేవాళ్ళు. నాకా, బూటుకీ బూటుకీ తేడా తెలియదు. అప్పటికి మామ ఊరికొచ్చి, ఎకరంన్నరలో మల్బరీ పెట్టి, పట్టుపురుగులు మేపుకుంటున్నాడు. పట్టుగూళ్ళు అమ్ముకుని ఒక పంట అయిందంటే నాలుగు రోజులు తీరిక. ఆ తీరికలో నా అంగడికొచ్చి స్టూలు వేసుకు కూర్చునేవాడు.

సాయంత్రాలే వచ్చేవాడు. పొద్దున కొన్న బూటు సాయంత్రానికి కరుస్తుందని, రోజంతా నిలబడ్డ కాలు కొంచెం ఉబ్బుతుందని, కొలిచేది ఆ కాలినేనని ఆయన లెక్క. వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి రెండు పాదాలూ చూసేవాడు. రెండూ ఒకేలా ఉండవు, పెద్దదాని కొలతే కొలత. వాడు రోజూ వేసుకునే సాక్సుతోనే తొడిగించేవాడు. నిలబెట్టి, ముందు బొటనవేలంత ఖాళీ ఉందా, మడమ పైకి లేస్తోందా అని నొక్కి చూసేవాడు. ఆ తర్వాత వీధిలో ఆ చివరిదాకా నడిచి రమ్మనేవాడు. మా అంగడి మెట్లు ఎక్కించి దించేవాడు. బజారంతా చూస్తుంటే ఆ మనిషి సిగ్గుపడేవాడు.

"సిగ్గెందుకప్పా" అనేవాడు మామ. "అద్దంలో చూసుకునేది మొకం. బూటు నడిచి చూసుకోవాల."

బూటును అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకుని బరువు చూసేవాడు. కాలి మీది బరువు ప్రతి అడుక్కీ ఎత్తాలి, అందుకే అది వీపు మీది బరువు కన్నా పాడుదని అనేవాడు. వంచి, వేళ్ళ మొదట్లో వంగితే సరే అని, నడుమ వంగితే పక్కన పడేసేవాడు. అడుగు అట్టకు కుట్టు ఉందా, ఉత్త బంకేనా అని గోటితో గీరేవాడు. తేలిగ్గా ఉన్నా రెండేళ్ళు నిలిచేది దొరుకుతుంది, వెతికే ఓపిక అంగడివాడికి ఉండాలి అని నాకు చురక. కొన్నాక కూడా వదిలేవాడు కాదు. పది రోజులు ఇంట్లో వేసుకు తిరగమనీ, తడిస్తే లోపల పేపరు కుక్కి నీడన ఆరబెట్టమనీ చెప్పి పంపేవాడు. తిరుపతికి కాలినడకన పోయేవాళ్ళు కూడా ఆయన కోసం ఆగి అడిగి పోయేవాళ్ళు.

నాకు మాత్రం మూడు ప్రశ్నలు నేర్పాడు. "ముందు ఎవురికి అని అడుగు. ఆమీద యాడ నడుస్తాడని అడుగు. నెంబరు కడాకు అడుగు. నెంబరు ముందర అడిగేవాడు చెప్పులు అమ్మేవాడు గాదు, పెట్టెలు అమ్మేవాడు."

మూడేళ్ళ కిందట ఒక ఏజెంటు మాటలకు పడి కొత్తరకం మిలిటరీ బూట్లు దించాను. అద్దంలా మెరుపు, పక్కన జిప్పు, పెద్ద బకిలీ, ముందు ఇనుప మూతి. మామ ఒకటి ఎత్తి చూసి నేల మీద పెట్టేశాడు.

"వాపసు పంపించు. ఇవి నిలబడేటోనికి, నడిచేటోనికి గాదు. గనిలో రాయి పడతాది, అందుకని ఇనుప మూతి. రోడ్డు మీద నడిచేవాని కాలి మీద ఏం పడతాదప్పా, వాన తప్ప?"

నేను పంపలేదు. మెరుపు చూసి కొనేవాళ్ళు కొన్నారు. ఒక్క జత మిగిలి పై అరలో దుమ్ముకొట్టుకుని ఉండిపోయింది. ఎనిమిదో నెంబరు.

పోయిన ఆగస్టు మొదట్లో బూదికోట నుంచి కమిటీ పెద్దమనిషి అంగడికి వచ్చాడు. "సన్మానానికప్పా. మిలిటరీ బూట్లు, ఎనిమిది. ఫోటోలో బాగా కనపడాల" అన్నాడు. నేను అడగలేదు. ఎవరికి అని అడగలేదు. ఆ ఊళ్ళో సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి నా సొంత మేనమామేనని, ఆయన కాలు ఎనిమిదేనని నాకు తట్టలేదు. ఆ మొండి సరుకు వదిలిపోతోందన్న సంతోషంలో నిచ్చెనెక్కి, నా తువ్వాలుతోనే దుమ్ము తుడిచి, మా అంగడి పేరున్న పెట్టెలో పెట్టి ఇచ్చాను.

పదిహేనో తేదీ, జెండా పండగ పొద్దున ఫోనులో ఫోటో వచ్చింది. స్టేజీ మీద మామ కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కమిటీవాళ్ళు వంగి ఆయన కాళ్ళకు బూట్లు తొడుగుతున్నారు. బకిలీ చూడగానే అవి ఏ బూట్లో తెలిసిపోయింది. అక్కడినుంచి బంగారుపేట దాకా, పది కిలోమీటర్ల పైనే, జెండాలతో నడక, ముందర మామ. డెబ్బై ఏళ్ళ మనిషి, పదేళ్ళుగా షుగరు, పాదాలకు తిమ్మిరి. వెంటనే ఫోన్ చేశాను.

"తీసేయి మామా. నీ క్యాన్వాసు బూట్లు వేసుకుని నడువు."

"నలుగురిలో తొడిగినారప్పా. ఇప్పుడు తీసేస్తే బాగుంటాదా?"

"బరువు కదా అవి."

"బరువే" అన్నాడు. కాసేపు ఊరుకున్నాడు. ఇంకేమైనా చెప్తానేమో అన్నట్టు. నేను చెప్పలేదు. అవి నేను అమ్మినవే అన్న ఒక్క మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. జాగ్రత్త అని ఫోన్ పెట్టేశాను. నడక అలవాటున్న మనిషి, ఏమీ కాదులే అనుకున్నాను. సిగ్గు లేకుండా ఆ పూట భోజనం కూడా చేశాను.

ఏమైందో ఆ తర్వాత అత్త చెప్పింది. నడక ముగించి మామ ఇంటికొచ్చేసరికి పురుగులు చివరిసారి పొర విడిచే జ్వరం నుంచి లేచి ఆకలి మీద ఉన్నాయి. ఆ వారం రోజులు ఆకు వేస్తూనే ఉండాలి, ఒక పూట తప్పినా పంట పోతుంది. పురుగుల ఇంట్లోకి చెప్పులతో ఎవరూ పోరు. గడప దగ్గర సున్నమూ బ్లీచింగు పొడీ చల్లి ఉంటుంది, అది తొక్కి వట్టికాళ్ళతో లోపలికి పోవాలి. రోగం లోపలికి రాకూడదని ఆ కట్టుబాటు. మామ గడప దగ్గర ఆ బూట్లు విప్పి, నేరుగా ఆ పొడి తొక్కి లోపలికి పోయాడు.

"సాక్సు తడిగా ఉండాది, ఇదేందంటే చెమట అన్నాడప్పా" అంది అత్త. "కాలు చూపించంటే పురుగులకు ఆకు వెయ్యాల, ఇంగ తర్వాత అన్నాడు."

ఎనిమిది రోజులు. ఊరందరి పాదాలూ తిప్పి తిప్పి చూసిన మనిషి ఎనిమిది రోజులు తన అరికాలు చూసుకోలేదు. బూటు కరిచి పగిలిన బొబ్బతో రోజుకు ఇరవైసార్లు ఆ సున్నం తొక్కాడు. నొప్పి తెలియలేదు, తెలిసే నరాలు ఎప్పుడో పోయాయి. పురుగులకు రోగం రాకుండా చూసుకున్నాడు మహానుభావుడు. పంట బాగా వచ్చింది కూడా. దీనికి నేను ఆయన్ని క్షమించలేను. బతికుంటే ముఖం మీదే అనేవాణ్ణి.

కోలారు ఆసుపత్రిలో మొదట వేలు తీశారు. తర్వాత పాదం. చివరికి మోకాలి కిందిదాకా. తీసిన కాలు గుడ్డలో చుట్టి మా చేతికిచ్చారు. దాన్ని తీసుకెళ్ళి మల్బరీ తోట గట్టు పక్కన నేనే గుంత తవ్వి పూడ్చాను. ఇరవై ఐదేళ్ళు కాళ్ళ మీద బతికినవాణ్ణి, ఒక కాలిని మట్టిలో పెట్టి వచ్చాను. తిరిగి ఆసుపత్రికి పోతే మామ అడిగాడు, "లోతుగా తవ్వినావా?" అని. తవ్వానన్నాను. "నాకంటే ముందరే మార్చ్ కొట్టుకుంటా పోయినాది" అన్నాడు. ఆ మాటకు అక్కడ ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం చెప్పేశాను. "ఆ బూట్లు నేనే ఇచ్చినాను మామా."

"తెలుసప్పా. పెట్టె మీద నీ అంగడి పేరు ఉండె."

"తెలిసీ ఎందుకు తొడుక్కున్నావు?"

"మేనల్లుని సరుకు బాగలేదని నలుగురిలో నేనే అంటానా?" అని కళ్ళు మూసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "ఫోన్‌లో చెప్తావేమో అని చూస్తి. చెప్పుంటే విప్పేసుంటిని."

తిట్టి ఉంటే బాగుండేది. నా చెంప మీద ఒకటి ఇచ్చి ఉంటే ఈపాటికి నాలుగు మంచి మాటలు రాసి ఉండేవాణ్ణి. ఆయన తిట్టలేదు. ఆ తర్వాత పుండు విషం ఒళ్ళంతా పాకింది, మాట పడిపోయింది, పోయాడు.

శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు కమిటీ పెద్దమనిషి పెద్ద దండతో వచ్చాడు. "కడాదాకా సైనికుడి మాదిరి నడిచినాడప్పా" అన్నాడు. అతని గొంతు పట్టుకుందామన్నంత కోపం వచ్చింది. పట్టుకోలేదు. అతను అడిగింది ఫోటోకు బాగుండే బూట్లు. అతనికి కాళ్ళ సంగతి తెలియదు. తెలిసినవాణ్ణి నేను.

పదకొండో రోజు. పోయినవాళ్ళు నడిచే దారిలో ఎండా ముళ్ళూ ఉంటాయని, అయ్యవారికి గొడుగూ పాదరక్షలూ దానం ఇస్తారు. చుట్టాలెవరో బజార్లో సామాను కట్టతో పాటు ఒక రబ్బరు చెప్పుల జత తెచ్చి పెట్టారు. ఒంటిపొర అట్ట, వేలి దగ్గర పట్టీ అప్పుడే ఊడేలా ఉంది. దాన్ని తీసుకుని వీధిలోకి విసిరికొట్టాను. ఎవరో ఏదో అనబోయి నా ముఖం చూసి ఆగారు. వెంట తెచ్చిన సంచిలోంచి గుడ్డ బూట్లు తీశాను. తోలు కాదు, అయ్యవారికి ఇబ్బంది లేదు. తేలిక, గట్టి అట్ట. ఏడో నెంబరు జత ఒకటి, ఎనిమిది ఒకటి. అయ్యవారిని అరుగు మీద కూర్చోబెట్టి ఆయన కాలు కొలిచాను. ఏడు. ఏడో నెంబరు ముందుకు జరిపాను.

"మీ మామది ఎనిమిది గదప్పా" అంది అత్త.

"తొడుక్కునేది ఈయన గదత్తా."

"నడిచేది ఆయన."

ఇన్నేళ్ళు ఇదే వ్యాపారం చేసిన మనిషిని, ఒక జత బూట్లు ఎవరికో చెప్పలేక రెండు చేతుల్లో రెండు నెంబర్లు పట్టుకుని నిలబడిపోయాను. అయ్యవారే నా చేతిలోంచి ఎనిమిదో నెంబరు తీసుకున్నాడు. "ఇదే ఉండనీ నాయనా, సాక్సులు రెండు వేసుకుంటాను" అన్నాడు.

అత్త ఆయన ముందుకు వచ్చి నిలబడింది. "స్వామీ, ఆ తోవలో ఆయనకి రెండు కాళ్ళూ ఉంటాయా?"

అయ్యవారు చేతిలోని బూట్లు రెండూ కింద పెట్టాడు. "ఉంటాయమ్మా" అన్నాడు.

"అయితే రెండూ తొడుక్కుని నడవండి. చూస్తాను."

ముసలాయన పంచె ఎగగట్టుకుని, బూట్లు తొడుక్కుని, లేసులు తనే కట్టుకున్నాడు. అరుగు దిగి, ఎండలో వాకిలి దాటి గేటు దాకా నడిచాడు. వదులు బూట్లు, అడుగడుక్కీ మడమ దగ్గర టపటపమంటున్నాయి. గేటు దగ్గర తిరిగి మా వైపు వచ్చాడు. అత్త కళ్ళు ఆయన ముఖం మీద లేవు. కుడి కాలు, ఎడమ కాలు, మళ్ళీ కుడి కాలు, వాటినే చూస్తోంది.

"ఇంగొకసారి నడవండి స్వామీ" అంది.

ఆయన గొడుగు తెరుచుకుని, మళ్ళీ గేటు వైపు తిరిగాడు.