మూడో మనిషికి పేరుండాలి

ఒత్తావియా పంతులమ్మ ఒకసారి బిషప్పుగారిని మోకాళ్ల మీద నిలబెట్టి, ‘క్షమించు’ అనే క్రియను అన్ని కాలాల్లోనూ చెప్పించిందని రొక్కాసెరా ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఇందులో చిన్న సవరణ ఉంది. ఆయన బిషప్పు కాదు, ఊరి గుడి ఫాదర్ ఎజిదియో. మోకాళ్ల మీద ఉన్నది కూడా ఆయన కాదు, పంతులమ్మే. పాపసంకీర్తనానికి వెళ్లింది. మిగతాదంతా నిజం. పోనీ, సగం నిజం.

ఆవిడ పాపాలన్నీ ఓపిగ్గా విని ఫాదర్ ఎజిదియో, “దేవుడు నిన్ను క్షమిస్తాడు” అన్నాడు. చెక్క జాలీకి అవతల ఆవిడ తల అడ్డంగా ఊపింది. “క్షమించుగాక అనాలి ఫాదర్. ఆయన్ను అడక్కుండానే ఆయన తరఫున మాట ఇచ్చేస్తున్నారు మీరు. ఏదీ, మొదట్నుంచి చెప్పండి” అంది ఆవిడ. ఫాదర్ కూడా చిన్నప్పుడు ఆవిడ బడిలో చదువుకున్నవాడే. నోరు దానంతటదే తెరుచుకుంది. బయట వరసలో నిలబడ్డవాళ్లకు లోపల్నుంచి “నేను క్షమించాను, నువ్వు క్షమించావు” అని ఫాదర్ గొంతు ఖంగున వినిపిస్తుంటే, ఈ ముసలావిడ ఏం ఘోరం చేసి ఉంటుందా అని భయమేసింది. ఇద్దరు పాపాలు చెప్పుకోకుండానే ఇంటికి వెళ్లిపోయారు.

ఆవిడకున్న జబ్బు అదొక్కటే. ఎవరి నోట క్రియాపదం వంకరగా వచ్చినా, రోడ్డు మధ్యలోనైనా సరే, దాన్ని చెవి పట్టుకుని ఆపి, నిఠారుగా నిలబెట్టేది. నేను, నువ్వు, మూడో మనిషి, మేము, మీరు, వాళ్లు అని వరసగా చెప్పించందే కదలనిచ్చేది కాదు. అదాల్జీసా మొగుడు పోయిన రోజున, శవపేటిక పక్కన ఆమె “నన్నెంత ప్రేమించాడో” అని గుండెలు బాదుకుంటుంటే, పంతులమ్మ వంగి చెవిలో, “ప్రేమిస్తూ ఉండేవాడు అనాలమ్మా, కాపురం అన్నేళ్లు సాగిందిగా” అంది. చుట్టూ ఉన్నవాళ్లు నిర్ఘాంతపోయారు. అదాల్జీసా మాత్రం ఏడుపు ఆపి కాసేపు ఆలోచించింది. “లేదు పంతులమ్మగారూ. మా ఆయన విషయంలో ‘ప్రేమించాడు’ సరిపోతుంది. ఒక్కసారే” అని మళ్లీ ఏడవడం మొదలుపెట్టింది.

బడిలో ఆవిడకొక నియమం ఉండేది. బల్ల మీద వేలి కణుపుతో టక్కు టక్కుమని కొడుతూ ఉంటే పిల్లలు ఆ దెబ్బకు తగ్గట్టు క్రియను పాడాలి. అయితే మూడో చోట ‘అతను’, ‘ఆమె’ అంటే ఒప్పుకునేది కాదు. “అతనంటే ఎవర్రా? గాలా? మనిషికి పేరుండాలి. పేరు చెప్పు” అనేది. చెప్పేదాకా వేలు గాల్లోనే ఆగి ఉండేది. పిల్లలకు తొందరలో మనసులో ఉన్న పేరే నోటికొస్తుంది కదా. అలా ఊళ్లో సగం పెళ్లిళ్లు తల్లిదండ్రులకన్నా ముందు పంతులమ్మకు తెలిసేవి. నాలుగో తరగతిలో సెట్టిమియో ఏ క్రియ ఇచ్చినా మూడో చోట “లూచియా” అనేవాడు. లూచియా తింటుంది, లూచియా దూకుతుంది, లూచియా గుర్రానికి లాడం కొడుతుంది. తర్వాత ఆ లూచియానే పెళ్లి చేసుకున్నాడు. గుర్రానికి లాడం కొట్టిందో లేదో తెలియదు గానీ, నీవెస్ అనే కూతుర్ని కని పెంచి, కొన్నేళ్ల కిందట కన్నుమూసింది.

సెట్టిమియోది ఊరి నడిబొడ్డున కాఫీ బార్. ఆగస్టులో సాన్ రొక్కో పండుగనాడు కూడలిలో తంబోలా ఆడించేదీ అతనే. సంచీలోంచి అంకె తీసి, దానికో కొంటె మాట తగిలించి అరిచాడంటే, కొండ దిగువన ద్రాక్షతోటల్లో ఉన్నవాళ్లు కూడా నవ్వేవాళ్లు. అలాంటి గొంతు ఒక చలికాలం ఉదయాన కప్పు చేతిలో ఉండగానే ఆగిపోయింది. మెదడులో ఏదో నరం అన్నారు. ఆసుపత్రి నుంచి నడుచుకుంటూనే తిరిగొచ్చాడు. కాఫీ యంత్రం తిప్పగలడు. ఎవరేమన్నా అర్థమవుతుంది. మాట మాత్రం లేదు. నోరు తెరిస్తే “బ, బ” అనే శబ్దం వచ్చేది. అది విని తనే సిగ్గుపడి మూసుకునేవాడు. కూతుర్ని పిలవాలంటే చెంచాతో సాసరు మీద కొట్టేవాడు.

నీవెస్‌కు ఆ సాసరు చప్పుడంటేనే గిట్టేది కాదు. తంబోలా పోతే పోయింది. దాని కోసం మందుల షాపు కొర్రాదీని అప్పుడే గొంతు సవరించుకుంటున్నాడు. అతను అంకెలు చదివితే భోజనానికి ముందు వేసుకోవాలో తర్వాత వేసుకోవాలో చెబుతున్నట్టుంటుంది. అదీ పోనీ. తండ్రి నోట తన పేరు మళ్లీ వినగలనా అన్నదొక్కటే ఆమె దిగులు. ఎవరితోనూ చెప్పలేదు. ఇలాంటి దిగులు బార్‌లో చెప్పుకుంటే సాయంత్రానికి ఊరంతా సలహాలిస్తుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పంతులమ్మకు పళ్ల జబ్బు పట్టుకుంది. ప్రతి గురువారం బస్సెక్కి పట్నం వెళ్లేది. ఎక్కడికని అడిగితే “పళ్ల డాక్టరు దగ్గరికి” అనేది. ఊరు జాలిపడింది. తిరిగొచ్చి బార్ ముందు బెంచీ మీద కూర్చుని, జేబులోంచి అక్రోటుకాయ తీసి, దవడకింద పెట్టి, పిస్తోలు పేలినట్టు పగలగొట్టి తినేది. ఆ పళ్లకు డాక్టరెందుకో ఎవరికీ తోచలేదు.

చలి తగ్గాక ఒక ఉదయం ఆవిడ బార్‌లోకి వచ్చి, కాఫీ అడక్కుండా, గల్లా బల్ల మీద వేలి కణుపుతో టక్కున కొట్టింది.

“సెట్టిమియో. ‘పోయు’. భవిష్యత్ కాలం.”

బార్‌లో ఉన్నవాళ్లకు చేతిలో కప్పులు చేతిలోనే ఉండిపోయాయి. నోరు పడిపోయిన మనిషిని పట్టుకుని పాఠం అప్పజెప్పమనడం ఎక్కడైనా ఉందా? సెట్టిమియో ముఖం ఎర్రబడింది. ఆవిడ మళ్లీ కొట్టింది. అతని పెదాలు కదిలాయి. “బ... బ...” ఆవిడ ఏమీ విననట్టు, ఇంకా నెమ్మదిగా కొడుతూ పోయింది. చివరికి కాఫీ తాగి, “బాగా చేదు” అని కొర్రాదీనితో చెప్పి వెళ్లిపోయింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆదివారం పూజకు ముందు కూడా వదల్లేదు. ఊరు నోరెళ్లబెట్టింది. ఇంత కసాయిదనం యుద్ధంలో కూడా చూడలేదని యుద్ధం తర్వాత పుట్టినవాళ్లు కూడా అన్నారు. ఫాదర్ ఎజిదియో వెళ్లి మందలిస్తానని లేచి, మళ్లీ ‘క్షమించు’ గుర్తొచ్చి కూర్చున్నాడు. వసంతం ముదిరేసరికి సెట్టిమియో నోట “నేను... పోస్తాను” దాకా వచ్చింది. దాన్ని ఎవరూ మాటగా లెక్కపెట్టలేదు. చిలక పలుకు అన్నారు. తర్వాత “నువ్వు పోస్తావు” వచ్చింది. మూడో దెబ్బ దగ్గర ఆగిపోయేవాడు. నుదుటి మీద చెమట పట్టేది, కళ్లలో నీళ్లు తిరిగేవి. ఆవిడ వేలు గాల్లో ఆగేది. దించేది కాదు.

“పేరు చెప్పు” అనేది.

ఒకరోజు ఆ వేలు గాల్లో ఉండగానే నీవెస్ ఓపిక తెగింది. చేతి గుడ్డ గల్లా మీద విసిరికొట్టింది.

“ఇది కాఫీ బార్, పంతులమ్మగారూ. బడి కాదు. మా నాన్న మీ బెంచీ మీది పిల్లాడు కాదు. ఆయన అవస్థ మీకు ఆటగా ఉంది. నేనింక చూస్తూ ఉండలేను. రేపట్నుంచి మీ కాఫీ ఇంకెక్కడన్నా తాగండి.”

పంతులమ్మ వేలు దించింది. గొడుగు తీసుకుంది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, “‘చూస్తూ ఉండలేను’. బాగా చెప్పావు. తప్పులేదు” అని మెట్లు దిగింది.

మర్నాడు ఆవిడ రాలేదు. బార్ హాయిగా ఊపిరి పీల్చుకుంది. కొర్రాదీని వచ్చి నీవెస్ చేసిన పనిని మెచ్చుకుని, తంబోలా సంచీ ఎక్కడ పెడతారని మాటల్లో మాటగా అడిగాడు. సెట్టిమియో మాత్రం తలుపువైపే చూస్తున్నాడు. ఆవిడ వచ్చే వేళ దాటింది. అతను చెంచా తీసుకున్నాడు. తనను పిలుస్తున్నాడనుకుని, పాలు పోస్తున్న నీవెస్ తలెత్తింది. అతను కొట్టింది సాసరు మీద కాదు. గల్లా మీద, పంతులమ్మ కొట్టే చోట.

“నేను పోస్తాను.” టక్. “నువ్వు పోస్తావు.” టక్.

చెంచా గాల్లో ఆగింది. బార్ అంతా ఆగింది. కొర్రాదీని నోట్లో సగం రొట్టె ఆగింది.

“నీవెస్” అన్నాడు సెట్టిమియో. “నీవెస్ పోస్తుంది.”

నీవెస్ నిజంగానే పోస్తోంది. కప్పు నిండి, సాసరు నిండి, పాలు గల్లా మీద పారి కొర్రాదీని ఒళ్లోకి కారుతున్నా పోస్తూనే ఉంది. అతను లేవలేదు. సెట్టిమియో ఆగలేదు. మేము పోస్తాము, మీరు పోస్తారు, వాళ్లు పోస్తారు అని ఒడ్డుకు చేరి, కూతురి చేతిలోంచి పాల గిన్నె మెల్లిగా లాక్కున్నాడు.

మరుసటి వారం పట్నం ఆసుపత్రిలో, మాటలు నేర్పే కుర్ర డాక్టరమ్మ అతని నోట ఆరు రూపాలూ విని కుర్చీలో వెనక్కి వాలింది.

“ఆ ముసలావిడ ఎలా ఉన్నారు?” అని అడిగింది.

“ఏ ముసలావిడ?” అంది నీవెస్.

“గురువారం గురువారం వచ్చేవారుగా. చిన్నప్పుడు బట్టీపట్టింది ఏదన్నా ఉంటే మాటకు దారి దొరకొచ్చు, పాటో ప్రార్థనో వెతకమని నేనే చెప్పాను. ‘వాడికి పాట రాదు, ప్రార్థన అంతకన్నా రాదు, నా క్రియలు మాత్రం వచ్చు’ అన్నారు. పేర్లు అన్నిటికన్నా ఆలస్యంగా వస్తాయి, ఆశ పెట్టుకోకండి అన్నాను. ‘అయితే నేను అక్కడే కూర్చుంటాను’ అన్నారు.” డాక్టరమ్మ కొంచెం తటపటాయించింది. “నా చేత కూడా చెప్పించారు. ‘ఆశపడు’, అన్ని కాలాల్లో.”

బస్సులో వస్తున్నంతసేపూ నీవెస్ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తండ్రి మాత్రం ఆపకుండా గొణుగుతూనే ఉన్నాడు. నీవెస్ ఎక్కుతుంది, నీవెస్ దిగుతుంది, నీవెస్ గుర్రానికి లాడం కొడుతుంది.

సాన్ రొక్కోనాడు తంబోలా అతనే ఆడించాడు. ఒక్కో అంకెకు ముందు బల్ల మీద చెంచాతో కొట్టుకుని, ఊపిరి పీల్చుకుని చెప్పేవాడు. సంచీ పట్టుకున్నది కొర్రాదీని. కొంటె మాటల్లేవు. ఆట ఎంతకీ తెమల్లేదు, అయినా ఒక్క కుర్చీ ఖాళీ కాలేదు.

నీవెస్ కాఫీ కప్పు పట్టుకుని పంతులమ్మ కూర్చున్న బెంచీ దగ్గరికి వెళ్లింది. అప్పటికి ఆసుపత్రి కథ ఊరంతా పాకింది. అందరి చెవులూ అటే ఉన్నాయి.

“పంతులమ్మగారూ, నాకు తెలిసిపోయింది. మా నాన్న కోసమే మీరు పట్నం వెళ్లారు.”

“ఎవరు చెప్పారు? పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను.”

“ఏ పన్ను?”

“అన్నీ.” ఆవిడ జేబులోంచి అక్రోటుకాయ తీసి దవడకింద పెట్టి ఫట్టుమనిపించింది. పక్క బెంచీలవాళ్లు ఉలిక్కిపడ్డారు. “మీ నాన్న మాట్లాడితే నాకేం, మాట్లాడకపోతే నాకేం? నీ కాఫీ చేదుగా ఉంటుంది. అది చెప్పడానికి వచ్చేదాన్ని. ఊరికి పనిలేక కథలల్లుతుంది. చెబుతున్నాను, రాసుకో. నేను వెళ్లలేదు, నువ్వు చూడలేదు, కొర్రాదీని వినలేదు.” గల్లా లేకపోయేసరికి బెంచీ మీదే టక్కున కొట్టింది. “ఏదీ, మిగతాది నువ్వు చెప్పు.”